ఎడ్.ఎస్. ముందా, లైసెన్సు ముందా? జార్జియాకు కొత్తగా వచ్చిన మన టీచరమ్మ ప్రశ్నకు జవాబులు

అనంతపురం, ప్రస్తుతం కమ్మింగ్, జార్జియా:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. ఎస్కే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్, తర్వాత బీఈడీ చేశాను. గుత్తి దగ్గర జడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌ని. జీతం లేని సెలవు పెట్టి మా ఆయన దగ్గరికి వచ్చాను. ఆయనది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది దానిమీద భార్యకు ఇచ్చే హెచ్4. వర్క్ పర్మిట్ ఇంకా లేదు. రోజూ బెల్లు కొట్టగానే క్లాసుకు వెళ్లిన మనిషిని, ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకావడం లేదు. మొన్న ఒకాయన ఫోన్ చేసి, "మీకు మాస్టర్స్ ఎటూ ఉంది కదమ్మా, దానిమీద ఎడ్యుకేషన్ స్పెషలిస్ట్ (ఎడ్.ఎస్.) డిగ్రీ చేసేయండి, స్కూళ్లు పిలిచి ఉద్యోగం ఇస్తాయి" అన్నారు. ఫీజు వింటే గుండె గుభేలుమంది. సీటు కోసం ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలట. ఎండార్స్‌మెంట్లని ఇంకేవో కూడా చెప్పారు. ఏది ముందు చేయాలో, ఏది అక్కర్లేదో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కర్నూలు, ప్రస్తుతం గ్విన్నెట్ కౌంటీ, జార్జియా:

చెల్లీ, ఆ అడ్వాన్సు కట్టకండి. ఎడ్.ఎస్. మంచి చదువే. నేనూ చేశాను, దానివల్ల నా పాఠం చెప్పే తీరే మారింది. కానీ అది బడిలో పనిచేస్తున్న టీచర్ల కోసం పెట్టిన చదువు. మాస్టర్స్‌కీ డాక్టరేట్‌కీ మధ్య ఉంటుంది, మాస్టర్స్ మీద ఇంచుమించు 30 క్రెడిట్లు. చాలా ప్రోగ్రాముల్లో చేరేటప్పుడే టీచింగ్ సర్టిఫికెట్, అంటే లైసెన్సు, చూపించమంటారు. అసైన్‌మెంట్లన్నీ "మీ క్లాసులో ఇది చేసి, ఏం జరిగిందో రాయండి" అన్నట్టే ఉంటాయి. చివర్లో చేసే పరిశోధన కూడా సొంత విద్యార్థులతోనే. దానికి ప్రిన్సిపాల్ అనుమతి, యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. క్లాసే లేనప్పుడు ఈ పనులన్నీ ఎవరితో చేస్తారు? ఒకవేళ ఎవరైనా చేర్చుకున్నా, ఆ పట్టాతో లైసెన్సు దానంతట అది రాదు. స్కూళ్లు ముందు చూసేది లైసెన్సునే.

జార్జియాలో ఇది ఎలా నడుస్తుందో చెప్తాను, అప్పుడు వరుస మీకే అర్థమవుతుంది. ఇక్కడ సర్టిఫికెట్లు ఇచ్చేది జార్జియా ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ కమిషన్. బ్యాచిలర్స్ ఉన్న టీచర్‌ది టీ-4, మాస్టర్స్‌కు టీ-5, ఎడ్.ఎస్.కు టీ-6, డాక్టరేట్‌కు టీ-7. రాష్ట్రం జీతాల పట్టిక ఈ మెట్టునూ, సర్వీసు సంవత్సరాలనూ కలిపి చూస్తుంది. మన దగ్గర పీఆర్‌సీ స్కేళ్లు చూసినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు. అంటే ఎడ్.ఎస్. వల్ల వచ్చే అసలు లాభం టీ-5లో ఉన్న టీచర్ టీ-6కు ఎక్కడం. మీరింకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నారు. మీ ఎమ్మెస్సీ ఇక్కడి మాస్టర్స్‌తో సమానమని తేలి, మ్యాథ్స్‌లో సర్టిఫికెట్ వస్తే మీరు టీ-5 స్థాయి దగ్గర మొదలయ్యే అవకాశం ఉంది. అంటే చేతిలో ఉన్న చదువుకే విలువ కట్టించుకోవాలి. అది వదిలేసి కొత్త డిగ్రీకి డబ్బు పోస్తే నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి మొదటి పని ఎవాల్యుయేషన్, అంటే మన డిగ్రీలు ఇక్కడి ఏ చదువుతో సమానమో తేల్పించుకోవడం. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. కమిషన్ ఒప్పుకునే సంస్థల జాబితా వాళ్ల సైట్‌లో ఉంటుంది, అందులోంచే ఒకదాన్ని ఎంచుకోండి. తీసుకోవాల్సింది కోర్స్-బై-కోర్స్ రిపోర్టు. జనరల్ రిపోర్టు తక్కువ డబ్బుకు వస్తుంది గానీ, టీచర్ సర్టిఫికెట్‌కు ప్రతి పేపరూ, దాని క్రెడిట్లూ కనిపించాలి. బీఈడీలో మీరు చేసిన టీచింగ్ ప్రాక్టీస్ కూడా ఆ కాగితంలో విడిగా కనబడాలి. మార్కుల మెమోలో అది ఏ పేరుతో ఉందో ఇప్పుడే చూసుకోండి. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, అంతకు ముందు ఒక ఏడాదే. మీది ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి రిపోర్టులో క్రెడిట్లు మారతాయి.

ఇంకోటి, పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. డిగ్రీ మెమోలో ఆ అక్షరం పేరుకు ముందు, పీజీ మెమోలో వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం రాసి ఉంటుంది, పెళ్లయ్యాక అది ఇంకోలా మారి ఉంటుంది. మనకు ఇవన్నీ ఒకే మనిషివని చూడగానే తెలుస్తుంది. ఇక్కడ ఫైలు చూసే ఉద్యోగికి నలుగురు మనుషుల్లా కనిపిస్తారు. మ్యారేజ్ సర్టిఫికెట్, పేర్లన్నీ ఒకరివేనని చెప్పే అఫిడవిట్ ముందే సిద్ధంగా ఉంచుకోండి.

ఎవాల్యుయేషన్‌కు గానీ, జార్జియా టీచర్ల పరీక్ష 'గేస్'కు గానీ వర్క్ పర్మిట్ అడగరు. మ్యాథ్స్ గేస్‌కు ఇప్పుడే చదవండి. ఎమ్మెస్సీ చేసినవాళ్లకు లెక్కలు కష్టం కాదు, ప్రశ్న అడిగే తీరే కొత్త. ఎథిక్స్ పరీక్ష కూడా ఒకటి ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పిల్లలతో, తల్లిదండ్రులతో ఎలా మెలగాలన్నదాని మీద ఇక్కడి నియమాలు మనవాటికంటే చాలా కట్టుదిట్టం.

ఉద్యోగం సంగతి. హెచ్4 మీద చదువుకోవచ్చు, జీతానికి పనిచేయకూడదు. సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా ఒక్క పూట వెళ్లినా అది పనే. మీ ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అప్రూవ్ అయితే హెచ్4 వర్క్ పర్మిట్‌కు మీరు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ కాగితం వచ్చే నాటికి ఎవాల్యుయేషన్, పరీక్షలు చేతిలో ఉంటే ఇంటర్వ్యూకు వెళ్లడమే మిగులుతుంది. ఇంటర్న్‌షిప్, ప్రాక్టికమ్ ఉన్న కోర్సు ఏదైనా తీసుకునేటప్పుడు, మీ వీసాతో అది కుదురుతుందా అని యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట ఎక్కడా పనికిరాదు.

ఇక ఎండార్స్‌మెంట్లు. ఇవి డిగ్రీలు కావు. ఉన్న సర్టిఫికెట్‌కు అదనంగా చేర్చుకునే అర్హతలు. ఇంగ్లిష్ రాని పిల్లలకు చెప్పడానికి ఈసాల్, చురుకైన పిల్లల కోసం గిఫ్టెడ్, చదవడం నేర్పడానికి రీడింగ్. ఈసాల్, రీడింగ్ మామూలుగా మూడేసి కోర్సులు, గిఫ్టెడ్ నాలుగు. వీటివల్ల టీ-5 టీ-6 కాదు. కానీ ఉద్యోగం దొరకడానికి ఇవి బాగా పనికొస్తాయి. గిఫ్టెడ్ క్లాసుకు, ఈసాల్ క్లాసుకు రాష్ట్రం ఇచ్చే అదనపు నిధులు రావాలంటే ఆ టీచర్‌కు ఆ అర్హత ఉండాలి, అందుకే ప్రిన్సిపాళ్లు రెజ్యూమేలో ముందు దాన్నే వెతుకుతారు. యూనివర్సిటీలోనే చేయాలని కూడా లేదు. రాష్ట్రంలో 16 ప్రాంతీయ సేవా కేంద్రాలున్నాయి, వాటిని 'రీసా' అంటారు. అక్కడా, కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లోనూ తక్కువ ఖర్చుతో నేర్పుతారు. ఉద్యోగంలో చేరాక డిస్ట్రిక్టే డబ్బు పెట్టుకునే సందర్భాలూ ఉన్నాయి.

నన్నడిగితే మీకు ఈసాల్ ముందు. ఎందుకో చెప్తాను. నేను ఆ కోర్సు చేసేటప్పుడు నా క్లాసులో కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. ఇంట్లో స్పానిష్. సమీకరణం బోర్డు మీద రాస్తే చకచకా చేసేవాడు, అదే వాక్యాల్లో లెక్క ఇస్తే పెన్సిల్ కింద పెట్టేసేవాడు. జవాబు ఎలా వచ్చిందో చెప్పడానికి సగం రాసిన వాక్యాలు కాగితం మీద ఇచ్చాను: "ముందు నేను ____ చేశాను, ఎందుకంటే ____." ఖాళీలు నింపుతూ నింపుతూ కొన్ని వారాలకు మొత్తం వాక్యం తనే రాయసాగాడు. ఆ పద్ధతి నాకు కోర్సులో నేర్పారు. ఆ అవసరం మాత్రం ఆదోనిలో చెప్పేటప్పుడే తెలుసు. ఇంట్లో కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలకు తెలుగులో లెక్కలు చెప్పాను. అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు మిర్చి కోతలకు వలసపోయి నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లలను మళ్లీ దారిలో పెట్టాను. గుత్తిలో మీకూ ఇలాంటి పిల్లలు తగిలే ఉంటారు. ఇంటర్వ్యూలో ఇవి చెప్పండి. మన బడి అనుభవం ఇక్కడ పనికిరాదని ఎవరైనా అంటే నమ్మకండి.

కొన్నేళ్లు పనిచేశాక ఎడ్.ఎస్. ఆలోచించండి. అప్పుడు కూడా డబ్బు కట్టేముందు కమిషన్ సైట్‌లో సర్టిఫికెట్ అప్‌గ్రేడ్ అడ్వైజర్ అనేది ఉంటుంది, అందులో మీ సర్టిఫికెట్, చేరబోయే మేజర్ రెండూ పెట్టి చూడండి. చదివే సబ్జెక్టు మీ సర్టిఫికెట్‌కు సరిపోవాలి, లేకపోతే కొత్త ఫీల్డు తెచ్చిపెట్టాలి. ఏదో ఒక ఎడ్.ఎస్. చేస్తే టీ-6 ఇచ్చెయ్యరు. లీడర్‌షిప్‌లో చేసిన డిగ్రీల సంగతి ఇంకా వేరు, ఆ పోస్టులో పనిచేస్తేనే ఆ స్థాయి జీతం. మీకు ఫోన్ చేసినాయన ఇవేవీ చెప్పకుండా డబ్బు అడగడమే నాకు నచ్చలేదు.

కడప, ప్రస్తుతం షార్లెట్, నార్త్ కరోలినా:

అక్క చెప్పిందంతా జార్జియాకు సరిపోతుంది. రేపు మీ ఆయన ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్తే లెక్క మారిపోతుంది, అందుకని రాస్తున్నాను. మా నార్త్ కరోలినాలో మాస్టర్స్ చేసిన టీచర్లకు ఇచ్చే అదనపు జీతాన్ని 2013లో చట్టం తెచ్చి ఆపేశారు, అప్పటికే అర్హత ఉన్నవాళ్లు వంటి కొందరికి తప్ప. ఇక్కడ టీచర్లు నేషనల్ బోర్డు సర్టిఫికేషన్ వైపు చూస్తారు, అది వస్తే రాష్ట్రం జీతం మీద 12 శాతం ఇస్తుంది. మూడేళ్ల టీచింగ్ అనుభవం కావాలి. నాలుగు భాగాలు: ఒకటి పరీక్ష, మిగతావి పిల్లల పని, మీ క్లాసు వీడియో, వాటిమీద మీరు రాసే విశ్లేషణ. భాగానికి 475 డాలర్లు, మొత్తం 1,900, రిజిస్ట్రేషన్ ఫీజు వేరే. టెక్సస్‌లో అయితే సర్టిఫికెట్ ఉన్న టీచర్ ఈఎస్ఎల్ (మీ ఈసాల్ లాంటిదే) సప్లిమెంటల్ పరీక్ష రాసి దాన్ని చేర్చుకోవచ్చు. ఇల్లినాయ్‌లో ఈఎస్ఎల్ ఎండార్స్‌మెంట్‌కు 18 క్రెడిట్లు, 100 గంటల క్లాసు అనుభవం అడుగుతారు.

నేను జే-1 మీద, అంటే టీచర్లకు కొన్నేళ్లకు ఇచ్చే ఎక్స్ఛేంజ్ వీసా మీద వచ్చినవాణ్ని. ఊళ్లో ఇదే ఆలోచనలో ఉన్న టీచర్లకు ఒక మాట. జే-1 మూడేళ్లు, పొడిగిస్తే మొత్తం ఐదేళ్లు. 2024 డిసెంబరు వరకు మనవాళ్లలో చాలామందికి ఆ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు పడేది. జే-1 గడువులో పెద్ద డిగ్రీ మొదలుపెట్టేముందు స్పాన్సర్‌ సంస్థను అడగాలి. తిరిగి వెళ్లాక మన హెడ్‌మాస్టర్ ప్రమోషన్‌లో చూసేది సీనియారిటీ, డిపార్ట్‌మెంటల్ టెస్టులు. అక్కడ టీ-6కు చోటు లేదు. అందుకే నేను ఈఎస్ఎల్ పని మీదే శ్రద్ధ పెట్టాను, అది రాయచోటిలో అయినా వాడుకోగలను.

అనంతపురం, కమ్మింగ్:

అక్కా, అన్నా, మీ ఇద్దరికీ ఎంతో రుణపడి ఉంటాను. అడ్వాన్సు కట్టనని చెప్పేశాను. ఒక్క అనుమానం. ఇక్కడ తెలిసిన ఒకామె స్కూల్ సైకాలజీ ఎడ్.ఎస్. చేస్తోంది, ఆమె టీచర్ కూడా కాదు. అదెలా?

కర్నూలు, గ్విన్నెట్ కౌంటీ:

పేరొకటే గానీ అది వేరే వృత్తి చెల్లీ. స్కూల్ సైకాలజిస్టు కావడానికి ఆ స్థాయి చదువు ప్రవేశ అర్హత. సాధారణంగా 60 క్రెడిట్లు, చివర్లో 1,200 గంటల ఇంటర్న్‌షిప్. పిల్లలకు పరీక్షలు చేసి, స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమా అని తేల్చే పని. మనసు అటు ఉంటే మంచి దారే, కానీ హెచ్4 మీద ఆ ఇంటర్న్‌షిప్ ఎలా అన్నది మొదటిరోజే అడగాలి.

అనంతపురం నుంచే, రిటైర్డ్ టీచర్:

అమ్మా, మా అమ్మాయి కాగితాల కోసం నేనే తిరిగాను కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను. ట్రాన్‌స్క్రిప్టు కాలేజీలో ఇవ్వరు, యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఇస్తారు. కర్నూలు వాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి, 2008లో రాయలసీమ యూనివర్సిటీ రాకముందు అక్కడి కాలేజీలు ఎస్కే యూనివర్సిటీ కింద ఉండేవి, ఆ బ్యాచులవాళ్లు ఇక్కడికే రావాలి. కడపవాళ్లు 2006కు ముందు చదివితే తిరుపతి వెళ్లాలి, ఎస్వీ యూనివర్సిటీకి. ప్రొవిజనల్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ముందు ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) దరఖాస్తు పెట్టండి, ఎవాల్యుయేషన్‌కు అది కావాలి. మీ తరఫున ఇంట్లోవాళ్లు వెళ్తే మీరు సంతకం చేసిన ఆథరైజేషన్ లెటర్, మీ పాస్‌పోర్టు కాపీ, వెళ్లేవాళ్ల ఆధార్ కావాలి. ఎవాల్యుయేషన్ సంస్థ ఇచ్చే ఫారం మీద రిఫరెన్స్ నంబరు ఉంటుంది, ఆ ఫారం కవర్లో పెట్టించి సీలు వేయించాలి. కవర్ ఇంట్లో తెరిచి చూస్తే మళ్లీ మొదటినుంచి. అనుభవం సర్టిఫికెట్ మీ హెడ్‌మాస్టర్ రాసి, డీఈఓ ఆఫీసులో కౌంటర్ సంతకం చేయించండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ సబ్జెక్టు, ఏ తరగతులు అన్నది స్పష్టంగా ఉండాలి. పరీక్షల ఫలితాల సీజన్‌లో బ్రాంచిలో రద్దీ ఎక్కువ, అందుకని ఈ వారమే మీ నాన్నగారికి లెటర్ పంపించండి. ఆయనకు తిరగడం ఇబ్బందైతే నాకు చెప్పండి, నేను తోడు వెళ్తాను.