కొండ మీద టవర్‌కు సోలార్, బ్యాటరీ చాలవా? జనరేటర్ ఉండాల్సిందేనా?

మన్యం_కుర్రాడు:
పాడేరు అవతల కరెంటు లైను రాని కొండ మీద 4జీ టవర్ లేస్తోంది. సోలార్ ప్యానెళ్లు, లిథియం బ్యాటరీలు వచ్చాయి. బాగుంది అనుకునేలోగా డీజిల్ జనరేటర్ కూడా దింపారు! జీపు సగం దూరమే పోతుంది, ఆపైన క్యాన్లు మనుషులే మోయాలి. ఈ గోల ఎందుకు, తీసేయాలని నా వాదన.

పవర్‌ప్లాంట్_రాజు:
తమ్ముడూ, లెక్క చూడు. లోడ్, అంటే టవర్ తాగే కరెంటు, కిలోవాటున్నర అనుకుంటే రోజుకు 36 యూనిట్లు. మన ఎండకు కిలోవాట్ ప్యానెల్ సగటున 4 యూనిట్లు ఇస్తుంది, అంటే 9 కిలోవాట్లు కావాలి. వేసవిలో ఢోకా లేదు. ఆగస్టులో ముసురు పట్టి మబ్బు దిగిందంటే ఆ నాలుగు ఒకటవుతుంది. వరసగా మూడు రోజులు అలాగే ఉంటే 81 యూనిట్ల లోటు. బ్యాటరీని 80 శాతం దాకా వాడినా 100 యూనిట్ల బ్యాటరీ బ్యాంకు పెట్టాలి. ఆ కాసిని రోజుల కోసం అంత కొంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

మన్యం_కుర్రాడు:
మావోయిస్టు ప్రాంతాల్లో బీఎస్ఎన్ఎల్ మొదటి విడత టవర్ సైట్లు సోలార్ మీదే నడిచాయి కదా అన్నా?

పవర్‌ప్లాంట్_రాజు:
అవి 2జీ, తాగే కరెంటు చాలా తక్కువ. ఆ 2,343 సైట్లను 4జీకి మార్చడానికి 2022లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. సిగ్నల్ పంపే రేడియో పరికరం మారితే పాత ప్యానెళ్లు ఏ మూలకు?

టవర్_లెక్కలు:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. 2015 కల్లా పల్లె టవర్లలో సగం హైబ్రిడ్ (సోలార్ లాంటి కరెంటును డీజిల్‌తోనో లైను కరెంటుతోనో కలిపి నడిపేవి) కావాలని టెలికాం శాఖ 2012లోనే చెప్పింది. మరి పొగ ఎందుకు ఆగలేదు? చాలా ఒప్పందాల్లో డీజిల్ బిల్లు టవర్ కంపెనీది కాదు, దాన్ని వాడుకునే సిమ్ కంపెనీది, అంటే ఆపరేటర్‌ది. సోలార్ పెట్టుబడి మాత్రం టవర్ కంపెనీదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంటే ఎవడు పొదుపు చేస్తాడు? నెలకింత అని కరెంటు ఖర్చు ఖాయం చేయండి, లీటర్లు వాటంతటవే తగ్గుతాయి.

డీజీ_మెకానిక్:
ఒప్పుకుంటా. కానీ నడిపే తీరు కూడా ఉంది. 15 కేవీఏ జనరేటర్‌ను కిలోవాటున్నర మీద రోజంతా ఆడిస్తే 30 లీటర్ల పైమాటే, పైగా సైలెన్సర్‌లో జిడ్డు మసి పేరుకుంటుంది. అదే బ్యాటరీ చార్జింగ్ కలిపి గట్టి లోడ్ మీద నాలుగు గంటలు నడిపి ఆపేస్తే 15 లీటర్లలోపే.

మన్యం_కుర్రాడు:
సరే, వర్షాకాలానికి ఉండనీ. మిగతా రోజుల్లో లేవకుండా చూడొచ్చా?

డీజీ_మెకానిక్:
బ్యాటరీ చార్జ్ ఎంత శాతానికి పడితే జనరేటర్ దానంతటదే లేచేలా ఆటో స్టార్ట్ పెట్టారో అడుగు. 50 దగ్గర పెడితే తెల్లవారుజామునే లేచి బ్యాటరీ నింపేస్తుంది. పొద్దున ఎండ కాసినా ప్యానెళ్ల కరెంటు పోవడానికి చోటుండదు. 25కి దించి, జనరేటర్‌తో చేసే రాత్రి చార్జింగ్ కూడా నిండుగా కాకుండా సగానికే ఆపమను.