పొలిమేరలో ఉన్నది పొలమా, పొలియా?

గుంపులోని అందరికీ నమస్కారం. అనంతపురంలో బడిపంతులమ్మను. సెలవు దొరికితే పల్లెవెలుగు ఎక్కి కర్ణాటక అంచున ఉన్న ఊళ్లు, అక్కడి గుళ్లు, కోటలు, శాసనాలు చూసి రావడం నాకు అలవాటు. ఆ తిరుగుళ్లలో చెవిన పడిన ఒక మాట గురించి మిమ్మల్ని అడగాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అందరికీ తెలిసిన మాటే: పొలిమేర.

పోయిన నెల ఆదోని నుంచి హొళగుంద వైపు వెళ్లే బస్సులో ఉన్నాను. ముందు సీటులో ఒక అవ్వ, ఒడిలో వక్కాకు సంచి, కాళ్ల దగ్గర సజ్జల మూట. కండక్టరు టికెట్ల యంత్రం పట్టుకుని వచ్చి, "ఎక్కడ దిగాలి అవ్వా?" అన్నాడు. ఆమె ఊరి పేరు చెప్పి, "ఊళ్లోకి వద్దు నాయనా, పొలిమేర చింత దగ్గర దించు" అంది. "అక్కడ స్టేజి లేదవ్వా" అన్నాడు అతను. "స్టేజి లేకపోతేనేం, పొలిమేర ఉంది కదా" అంది ఆమె. బస్సు ఆగింది. అవ్వ దిగి, చింతచెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి ముందు చెప్పులు విడిచింది. వేళ్లతో రాయిని తాకి కళ్లకు అద్దుకుంది. మళ్లీ చెప్పులు వేసుకుని, మూట నెత్తికెత్తుకుని కాలిబాట పట్టింది.

ఆమె దిగాక నా పక్కనున్న పెద్దమనిషి, "ఇంకొంచెం పోతే బార్డరు" అన్నాడు. వెనక సీట్లో కన్నడం మాట్లాడుతున్న ఇద్దరు అదే చోటును 'గడి' అంటున్నారు. ఇంటికి వచ్చి మరునాడు పత్రిక తెరిస్తే 'సరిహద్దు గ్రామాలు' అని శీర్షిక. రెండు రోజుల్లో ఒకే సంగతికి ఇన్ని మాటలు విన్నాను. కానీ అవ్వ చెప్పిన మాట మిగతా వాటితో కలవదని నాకు గట్టిగా అనిపించింది. మిగతావన్నీ గీతను చెబుతున్నాయి. పొలిమేరకు మాత్రం వెడల్పు ఉంది. అక్కడ చెట్టు ఉంటుంది, రాయి ఉంటుంది, మనిషి నిలబడవచ్చు, బస్సు దిగవచ్చు. 'పొలిమేరలో కాలు పెట్టాడు' అంటాం. సరిహద్దులో కాలు పెట్టాడు అనం, సరిహద్దు దాటాడు అంటాం.

సరిహద్దు సంగతి ముందే చెప్పేస్తాను. అందులోని 'సరి' మన సరి కాదు. పారసీలో 'సర్' అంటే తల, కొస. 'హద్' అరబ్బీ మాట. రెండూ కలిసిన సర్‌హద్ మన నోట్లో సరిహద్దు అయింది. జిల్లా, తాలూకా వచ్చిన కచేరీ దారిలోనే ఇదీ వచ్చింది. మంచి మాటే, నాకేమీ పేచీ లేదు. ఎల్ల మాత్రం మన పాతమాట. తమిళంలో ఎల్లై, కన్నడంలో ఎల్లె. ఎల్లమ్మను ఊరి ఎల్ల కాచే తల్లి అని మా వైపు చెప్పుకుంటారు.

ఇక నా ప్రశ్న. పొలిమేరను పొలము + మేర అని బడిలో చెప్పించుకున్నాను, పిల్లలకు చెప్పాను కూడా. అవ్వ ఆ రాయికి మొక్కడం చూశాక, ఇది వట్టి పొలాల హద్దేనా అనే సందేహం పట్టుకుంది. తెలిసినవారు చెప్పగలరు.

కర్నూలు సభ్యుడు:
అమ్మా, సందేహం అక్కరలేదు. పొలమేర అనే రూపం కూడా వాడుకలో ఉంది. అది పొలిమేర కావడంలో వింత లేదు. తెలుగు మాటల నడిమి అచ్చు నిలకడ లేనిది. చిలుక, చిలక రెండూ అంటాం. మనిషి బహువచనంలో మనుషులు అవుతాడు. పొలం అంటే సాగుచేసే చెక్క ఒక్కటే అనుకోవడం వల్ల మీకు ఇబ్బంది వచ్చింది. ఊరికి చెందిన నేల మొత్తాన్నీ పొలం అనే వాడుక ఉంది. 'ఫలానా గ్రామ పొలం' అని పాత దస్తావేజుల్లో రాసేవారు. ఆ నేల మేర, అంటే అంతు, పొలిమేర. రాయికి మొక్కడం నమ్మకానికి సంబంధించింది, దాన్ని మాట పుట్టుకలోకి తీసుకురానక్కరలేదు.

ఆలూరు సభ్యుడు:
పై పెద్దాయన మాటకు ఎదురు చెప్పాలని కాదు, మా ఊరి జాతర చూసినవాడిగా రాస్తున్నాను. జాతర చివరి రాత్రి పొలి చల్లుతారు. బలి ఇచ్చిన రక్తంతో కలిపిన అన్నాన్ని గంపలో పెట్టుకుని, 'పొలో పొలి' అని కేకలు వేస్తూ ఊరి చుట్టూ చల్లుకుంటూ వస్తారు. ఆ రాత్రి బయటి ఊరివాళ్లు ఎవరూ అడుగు పెట్టకూడదు. పొలి ఎంతవరకు పడితే అంతవరకు మా ఊరు. ఆ తరువాత అమ్మవారిని పొలిమేర దాకా సాగనంపి వస్తారు. చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చుని చూశాను. కాగడాల వెలుతురులో గంప మోసే మనిషి ఎక్కడ ఆగితే అక్కడ అందరూ ఆగిపోయేవారు. ఒక్కరూ అటువైపు కాలు వేయరు. పొలి ఆగే మేర కాబట్టి పొలిమేర అని మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. పొలికేకలోని పొలి కూడా ఇదేనని నా నమ్మకం.

ఆదోని సభ్యురాలు:
కళ్లంలోనూ పొలి ఉంది. తూర్పారబట్టేటప్పుడు, రాశి కొలిచేటప్పుడు 'పొలి పొలి' అనడం మా తాతల కాలంలో ఉండేది. గింజ పొంగాలని అలా అనేవారు. రక్తం, జాతర లేకుండా కూడా పొలి ఉందని చెప్పడానికే ఇది.

కడప సభ్యుడు:
అందరూ పొలం, పొలి అంటూ మొదటి సగం దగ్గరే ఆగారు. నన్ను పట్టి లాగుతున్నది రెండో సగం. మేర అంటే హద్దు. కన్నడంలోనూ మేరె అదే అర్థంలో ఉంది. 'ఆ మేరకు', 'చేతనైన మేర' అని రోజూ అంటున్నాం. ఆదోని అమ్మగారు కళ్లం మాట ఎత్తారు కాబట్టి ఇంకొకటి: రాశి ఇల్లు చేరేముందు ఊరి చేతిపనుల వాళ్లకు, కాపలావాళ్లకు కొలిచి ఇచ్చే గింజల వాటాను కూడా మేర అనేవారు. వడ్రంగి మేర, కమ్మరి మేర. ఎవరికి ఎంతవరకు చెందుతుందో అంత. నేలకు మేర, గింజకు మేర.

ప్రాకృతంలో హద్దు అనే అర్థంతో 'మేరా' ఉంది. దాన్ని సంస్కృత 'మర్యాద'తో ముడిపెట్టిన పండితులు ఉన్నారు. మర్యాదకు సంస్కృతంలో మొదటి అర్థం హద్దే. గౌరవం, పద్ధతి తరువాత వచ్చి చేరినవి. అతిథిని పొలిమేర దాకా సాగనంపడం మర్యాద అని పెద్దలు అనేవారు. ఆ వాక్యంలో ఒకే అర్థం రెండు వేషాల్లో నిలబడి ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ప్రాకృతం ఎక్కడ, మన పల్లెలు ఎక్కడ అనుకోకండి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి గుట్ట మీద అశోకుడి శాసనాలు ప్రాకృతంలోనే ఉన్నాయి, క్రీస్తుకు ముందు 3వ శతాబ్దానివి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మడక చాలు చివర తిరిగినట్లు ఉంటుంది. తెలుగులో పూర్తిగా రాసిన మొదటి శాసనంగా చెప్పే కలమళ్ళ శాసనం, క్రీస్తు శకం 575 ప్రాంతానిది, ఎర్రగుంట్ల దగ్గరే ఉంది. ఈ రెండూ మన సీమలోనే, బస్సులో తిరిగి చూడగలిగేంత దూరంలో ఉన్నాయి.

మడకశిర సభ్యుడు:
గడి గురించి నేను చెబుతాను. మా అమరాపురం, రొళ్ళ, అగళి, గుడిబండ వైపు ఇళ్లలో కన్నడమే ఎక్కువ. మ్యాపు చూస్తే మా ప్రాంతం కర్ణాటకలోకి చొచ్చుకుని కనిపిస్తుంది. మేము గడినాడు వాళ్లం. తెలంగాణలో గడీ అంటే దొర భవనం, పత్రికలో గడి అంటే గళ్ల పజిలు, మాకు గడి అంటే రాష్ట్రం అంచు. మాట ఒకటే అనిపించినా మూడు చోట్ల మూడు సంగతులు.

పేర్లలోనూ వినండి. తెలుగులో పల్లె, కన్నడంలో హళ్ళి. పాలు అక్కడ హాలు, పులి అక్కడ హులి. పాత కన్నడంలో వీటికి 'ప'కారమే ఉండేది, తరువాత 'హ'కారమైంది. బస్సు కిటికీలోంచి పేరు పలకలు చదువుకుంటూ పోతే ఆ మార్పు కళ్లముందే జరుగుతుంది. హొళగుంద, హాలహర్వి, డి.హీరేహాళ్ అన్నీ ఆంధ్రలోనే ఉన్నాయి మరి.

పంతులమ్మగారు హేమావతి చూశారో లేదో. ఒకప్పుడు ఇక్కడ ఏలిన నొళంబ రాజుల రాజధాని, శాసనాల్లో దాని పేరు హెంజేరు. నల్లరాతి స్తంభాల మీద శిల్పం చూస్తే బస్సు సంగతి మరిచిపోతారు, అందుకని తిరుగు బస్సు సమయం ముందే కనుక్కుని గుడిలోకి వెళ్లండి. వాళ్లు ఏలిన సీమను ఆ నాడు 'నొళంబవాడి ముప్పైరెండు వేలు' అనేవారు. మా ఊరు అప్పుడు అంచు కాదు, నడిబొడ్డు.

మొదట రాసిన నేను:
అందరికీ కృతజ్ఞతలు. హేమావతి చూశాను. సిద్ధేశ్వరుడు లింగంగా కాకుండా మనిషి రూపంలో కూర్చుని ఉండడం చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అంచు ఊళ్లు ఒకనాటి నడిబొడ్లు అన్న మీ మాట నా నోట్‌బుక్కులో రాసుకున్నాను.

నాకు అర్థమైనంత చెబుతాను. వ్యాకరణం కర్నూలు పెద్దాయన పక్షాన ఉంది. పొలమేర అనే రూపం ఉండగా పొలి నుంచి మాట పుట్టిందని నేను వాదించలేను. కానీ మాట పుట్టుక వేరు, ఆ మాటను జనం ఏమని తలచుకుంటూ వాడుతున్నారన్నది వేరు. ఆలూరు తమ్ముడి ఊళ్లో ప్రతి జాతరకూ ఆ మాటకు పొలి అనే అర్థం మళ్లీ పోస్తున్నారు. దాన్ని 'తప్పు వ్యుత్పత్తి' అని ఒక ముక్కలో కొట్టేయడానికి నాకు మనసు ఒప్పదు. నిఘంటువు రాసేవారు రెంటినీ ఎక్కించాలి, ఏది ఏదో చెప్పి మరీ.

పొలిమేరకూ సరిహద్దుకూ ఉన్న తేడా నాకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. మిగతాది మైసూరుకు పోయింది. రాయదుర్గం అనంతపురంలో కలిసింది, తక్కినవి కర్నూలులో. ఆ ఊళ్లలో ఒక్కదాని పొలిమేర కూడా జరగలేదు. అదే చింత, అదే రాయి. ఓబుళాపురం గనుల దగ్గర రాష్ట్రాల సరిహద్దు ఎక్కడన్న వివాదం న్యాయస్థానం దాకా వెళ్లి, సర్వే వాళ్లు వచ్చి కొలవాల్సి వచ్చింది. పొలిమేర ఎక్కడో అవ్వ ఒక్క మాటలో చెప్పింది.

బస్సులోనూ ఇదే కనిపిస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. రాష్ట్రం దాటే బస్సుకు ఆ సదుపాయం వర్తించదు. మొన్న అలాంటి బస్సు ఎక్కితే కండక్టరు, "ఇది అవతలికి పోయే బండి, టికెట్టు తీసుకోవాలమ్మా" అన్నాడు. కొని కూర్చున్నాను. దేవరగట్టు బన్నికి మాత్రం దసరా రాత్రి అటు ఊళ్లవాళ్లూ ఇటు ఊళ్లవాళ్లూ ఒకే గుట్ట ఎక్కుతారు. బన్ని అంటే కన్నడంలో జమ్మి. పండుగ పేరు వాళ్లది, గట్టు మనది. కోస్తా మిత్రులకు ఒక మాట: సీమలో గట్టు అంటే కొండ, పొలం గట్టు అనుకోవద్దు.

ఒక కోరిక. ఎవరికి వారు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మీ ఊరి పొలిమేర ఆనవాలు ఏది? చెట్టా, రాయా, వంకా? వాళ్లు పలికేది పొలమేరా, పొలిమేరా? మీరు అందించకుండా, వాళ్లంతట వాళ్లు అన్నది ఇక్కడ రాయండి. వచ్చే ఆదివారం గుత్తి మీదుగా ఎర్రగుడి వెళ్తున్నాను. బస్సులో వాళ్లను నేనూ అడుగుతాను.

ఆలూరు సభ్యుడు:
అక్కా, రాత్రే మా అమ్మను అడిగాను. పేరు ఎత్తకుండా, "అమ్మవారిని ఎక్కడిదాకా సాగనంపుతారమ్మా?" అన్నాను. "పొలమేర దాకా" అంది. సరిగా వినలేదేమోనని మళ్లీ పలికించాను. పొలమేరే. మా ఆనవాలు వంక ఒడ్డున రెండు వేపలు. ఒకటి పోయిన ఏడాది గాలికి పడిపోయింది, దాని మోడు దగ్గరే ఇప్పుడు రాయి పెట్టారు.