ఫోటో ‘మసకగా’ వచ్చింది అంటే ఏం వచ్చినట్టు?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి): పిల్లలమర్రి దగ్గర తీసిన ఫోటోలు మసకగా వచ్చాయని కెమెరా బాగుచేసే దుకాణంలో చెబితే, “మసకంటే ఎట్లాంటి మసకమ్మా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషులో ఒక్కో లోపానికి ఒక్కో పేరుంది. మనకు లేవా?

జవాబు (నల్లగొండ నుంచి): లేకేమండీ, వాడడం మానేశాం. మసక చీకటి, మసక వెన్నెల అంటాం కదా, వెలుతురు చాలనప్పటి మాట అది. కెమెరా లోపాలన్నీ దాని నెత్తిన రుద్దేశాం.

గీతలన్నీ ఒకే వైపు సాగి, అంచులు రెండేసి కనిపిస్తే ఫోటో ‘అలుక్కుపోయింది’. తడి ముగ్గు మీద కొంగు తగిలితే ఎట్లా ఉంటుందో అట్లా. చెయ్యి కదిలింది, అంతే. 50 మి.మీ. లెన్సుకు షట్టరు వేగం 1/50 సెకనుకు తగ్గకూడదు. సెన్సారు (వెలుతురును పట్టే పలక) చిన్నదైన కెమెరాలో 1/80 దాకా పెట్టుకోవాలి. వెనక చెట్టు బాగుండి పరుగెత్తే పిల్లవాడే అలుక్కుపోతే తప్పు చేతిది కాదు. 1/250 లేదా అంతకన్నా వేగం కావాలి. కుదుపును ఆపే సౌకర్యం లెన్సులో ఉన్నా అది మన చేతిని ఆపుతుంది గాని పిల్లవాణ్ణి ఆపదు.

ముఖం తేలిపోయి, ముందున్న మర్రి ఊడ మీద పగుళ్లు సహా కనబడుతున్నాయా? అది ‘ఫోకస్ తప్పడం’. దీనికి వేరే మాట వెతకనక్కర లేదు. పాఠ్యపుస్తకాల్లో నాభి, నాభ్యంతరం ఉన్నాయి గాని స్టూడియోలో ఆ మాటలంటే మొహం చూస్తారు. పరీక్ష సులువు: గోడకు దినపత్రిక అంటించి, కెమెరాను స్టాండుపై నిలిపి, ఒకసారి వెనక తెర మీద చూస్తూ, మరోసారి కన్ను ఆనించి చూసే కిటికీలో (వ్యూఫైండర్‌లో) చూస్తూ తీయండి. తెర మీద చూసి తీసినదే బాగుంటే లెన్సు మంచిదే, లోపలి ఫోకస్ సర్దుబాటు తప్పింది. లోపల అద్దం లేని కొత్త రకం (మిర్రర్‌లెస్) కెమెరాల్లో సెన్సారే ఫోకస్ చూసుకుంటుంది కనుక ఈ పేచీ లేదు.

ఇక నాకు ఇష్టమైన మాట, ‘పాలిపోవడం’. గీతలు సరిగానే ఉంటాయి, నలుపు మాత్రం బూడిదరంగుకు తిరుగుతుంది. ఎదురెండ నేరుగా లెన్సు మీద పడినా, ముందు బిగించిన చవక ఫిల్టరు వల్ల అయినా, వేలిముద్ర జిడ్డు వల్ల అయినా ఇంతే. ఫిల్టరు తీసి, లెన్సుకు చేతిని గొడుగు పట్టి మళ్లీ తీయండి. అప్పటికీ పాలిపోతే లెన్సు విప్పి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. కంటికి కమ్మినట్టు తెల్లటి పొర ఉండవచ్చు, బూజు ఉండవచ్చు. సాలెగూడునూ బూజంటాం, ఊరగాయ మీద పట్టేదాన్నీ బూజే అంటాం. లెన్సులో పట్టే ఫంగస్ దారాలు చూస్తే రెండూ ఒక్క మాటలోకి ఎట్లా వచ్చాయో తెలుస్తుంది. ఇంట్లో విప్పకండి.

మరొకరు: ఇంగ్లీషులో ‘సాఫ్ట్’ అన్నట్టు ‘మెత్తని ఫోటో’ అనవచ్చా?

జవాబు: అనవద్దు. కత్తికీ చూపుకీ మాటకూ పదును ఉన్నప్పుడు ఫోటోకు ఎందుకు ఉండదు? ‘పదును తగ్గింది’ చాలు. ఎఫ్ అంకె చిన్నదైతే లెన్సు రంధ్రం పెద్దది. ఎఫ్/1.8 దగ్గర చాలా లెన్సులకు పదును తక్కువ, ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర బాగుంటుంది. ఎఫ్/22కు వెళ్తే వివర్తనం (సన్నని రంధ్రం అంచున వెలుతురు చెదరడం) వల్ల మళ్లీ తగ్గుతుంది.

ఇంకొకరు: మే నెలలో దేవరకొండ గుట్టను దూరం నుంచి తీస్తే వణుకుతున్నట్టు వచ్చింది. దీన్ని ఎండమావి అనాలా?

జవాబు: ఎండమావి అంటే లేని నీళ్లు కనబడడం. ఇది ‘సెగ’. వేడిగాలి అల్లాడుతుంటే ఎంత ఖరీదైన లెన్సయినా ఏమీ చేయలేదు. పొద్దున్నే వెళ్లండి.

మరొకరు: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో తీశాను. గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే స్తంభం నీడ అంచులు పదునుగా లేవు. లెన్సు చూపించాలా?

జవాబు: వద్దండి. ఆ నీడ నేరుగా పడే ఎండతో ఏర్పడేది కాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో ఏర్పడేది. దాని అంచు కంటికే పదునుగా ఉండదు. అదే వెలుతురులో ఫోకస్‌ను స్తంభం చెక్కడం మీద పెట్టి తీసి చూడండి. అది స్పష్టంగా ఉంటే లెన్సు బాగున్నట్టే.