దొరికిన వస్తువుకు రంగు వేయొచ్చా?

తుప్పుతాళం:
పాత సొరుగులో ఒక అసెంబ్లాజ్, అంటే దొరికిన వస్తువుల్ని ఒకచోట కూర్చి చేసే కళాకృతి, చేస్తున్నాను. తలుపు బందు, గడియారం పళ్ళ చక్రం, మూడు పళ్ళు ఊడిన దువ్వెన, ఒక తాళంచెవి పెట్టాను. చూసిన స్నేహితుడు "ఇది చెత్తబుట్టలా ఉంది, అన్నిటికీ ఒకే రంగు కొట్టేయ్" అన్నాడు. నాకు మనసొప్పడం లేదు. తాళంచెవి తల బొటనవేలు తగిలీ తగిలీ ఒక పక్క అరిగి, అక్కడ మాత్రమే మెరుస్తోంది. రంగు వేస్తే ఆ అరుగుదల కనబడదు కదా. మీరేమంటారు?

నీడలగోడ:
మీ స్నేహితుడు చెప్పింది కొట్టిపారేయకండి. అమెరికా శిల్పి లూయీస్ నెవెల్సన్ వీధుల్లో పారేసిన చెక్క ముక్కల్ని పెట్టెల్లో పేర్చి, మొత్తానికీ మెరుపు లేని నలుపు వేసేది. 1958లో చేసిన 'స్కై కెథెడ్రల్' అలాంటిదే. నలుపు పడ్డాక ఇది కుర్చీ కాలా, మెట్ల కమ్మీనా అని మనం వెతకం. ఆకారం, నీడ, లోతు, ఇవే కనిపిస్తాయి. విడి ముక్కలన్నీ కలిసి ఒక్క గోడైపోతాయి.

తుప్పుతాళం:
నెవెల్సన్ విషయంలో ఒప్పుకుంటాను, ఆమెకు కావాల్సింది ఆకారమే. కానీ అమెరికా కళాకారుడు నోవా ప్యూరిఫాయ్‌ని చూడండి. 1965లో లాస్ ఏంజెలస్‌లో నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే వాట్స్ అనే పేటలో తిరుగుబాటు జరిగింది. కాలిపోయిన శిథిలాలను, కరిగి ముద్దయిన నియాన్ బోర్డులను ఆయన, తోటి కళాకారులు ఏరుకొచ్చి, 1966లో ప్రదర్శన పెట్టారు. వాటిని రంగుతో కప్పితే ఇక మిగిలేదేముంది? ఆ కాలిన మచ్చే కదా చెప్పాల్సిన విషయం!

పోతపని:
ఇద్దరూ పైపూతనే పట్టుకున్నారు. పికాసో 1942లో సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేశాడు. తర్వాత దాన్ని కంచులో పోత పోయించాడు. సీటు తోలు పోయింది, అయినా ఎద్దు నిలిచింది. అసలు పని ఆ రెండిటినీ కలపడంలోనే ఉంది.

తుప్పుతాళం:
ఎద్దు నిలిచింది, సైకిల్ సగం పోయిందండీ! తోలు సీటు ఉంటే కన్ను ఎద్దుకీ సైకిల్‌కీ మధ్య ఊగుతుంది. నాకు ఆ ఊగుడే కావాలి.

నీడలగోడ:
అయితే వస్తువుల్ని వదిలేసి, సొరుగు లోపలికి మాత్రం నలుపు వేసి చూడండి. మీ స్నేహితుడికి చెత్తలా అనిపించడానికి కారణం చెక్క, తుప్పు ఒకే గోధుమరంగులో కలిసిపోవడమేనేమో. బందు మీద రాలే తుప్పును బ్రష్‌తో దులిపి, పల్చగా మైనం రాస్తే చాలు.

తుప్పుతాళం:
నిన్న రాత్రి సొరుగు లోపల నలుపు వేశాను. దువ్వెన పళ్ళ సందులు ఇప్పుడు తెలుస్తున్నాయి. గడియారం చక్రం ఎక్కువైందనిపించి తీసేశాను. తాళంచెవిని మాత్రం ముట్టుకోలేదు.