పార్కింగ్ హీటర్: వేడి ఇంజన్‌కా, మనకా? రెండు వేల యూరోలు పెట్టవచ్చా?

ఇసార్‌తీరం, మ్యూనిక్:
ఎనిమిదేళ్ల నాటి డీజిల్ కారు నాది. గ్యారేజీ లేదు, రాత్రంతా వీధిలోనే ఉంటుంది. ఆఫీసు ఏడు కిలోమీటర్లు. పొద్దున్నే బయటి అద్దం మీద మంచు గీకడం ఒక పని, లోపల ఊపిరి తడి గడ్డకట్టిన పొరను గీకడం ఇంకో పని. కారు ఆగి ఉండగానే ట్యాంకులోని ఇంధనం మండించి వేడి ఇచ్చే పార్కింగ్ హీటర్ పెట్టిస్తే బిగింపు కూలితో కలిపి దాదాపు రెండు వేల యూరోలు అవుతుందన్నారు. ఇంజన్ కూడా వేడెక్కి డీజిల్ మిగులుతుంది కాబట్టి పెట్టిన డబ్బు తిరిగి వస్తుందని వర్క్‌షాప్ అతని మాట. అదంతా అమ్ముకునే కబుర్లని నా సహోద్యోగి. వాడినవాళ్లు చెప్పండి.

ఔలువాసి, ఫిన్లండ్:
మీ సహోద్యోగి పక్షమే నేను. ఇక్కడ అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో వరుసగా కరెంటు స్తంభాలు ఉంటాయి. ఇంజన్‌లో చిన్న ఎలక్ట్రిక్ హీటర్, సీటు కింద ఫ్యాన్ హీటర్. రాత్రి తీగ తగిలించి టైమరు పెడితే చాలు. మంటా లేదు, పొగా లేదు. మైనస్ 20లో కూడా రెండు మూడు గంటలకు మించి అక్కర్లేదు, రాత్రంతా పెట్టేవాళ్లు కరెంటు బిల్లుకే వేడి చేస్తున్నారు.

ఇసార్‌తీరం:
అన్నా, వీధిలో ప్లగ్ ఎక్కడిది? మూడో అంతస్తు నుంచి తీగ వేలాడదీయమంటారా?

ఎడ్మంటన్ రాజు, కెనడా:
ఇంత చర్చ ఎందుకు? రిమోట్ స్టార్ట్ పెట్టించుకోండి. కాఫీ తాగుతూ బటన్ నొక్కితే ఇంజన్ స్టార్ట్ అయి, కిందికి దిగేసరికి కారు వెచ్చగా ఉంటుంది. ఖర్చు మీరు చెప్పినదానిలో నాలుగో వంతు కూడా కాదు. మాకు మైనస్ 30 అయితే బ్లాక్ హీటర్ (ఔలువాసి గారు చెప్పిన ఇంజన్‌లోని ఎలక్ట్రిక్ హీటరే) తీగ కూడా తగిలిస్తాం, అది వేరే సంగతి.

పానాబాబాయి, స్టుట్‌గార్ట్:
రాజు గారూ, ఆ సలహా జర్మనీలో చెల్లదు. ఆగి ఉన్న బండిలో ఇంజన్‌ను అనవసరంగా నడిపితే 80 యూరోల జరిమానా. ఫిన్లండ్‌లోనూ రెండు నిమిషాలే అనుమతి, మైనస్ 15 దాటితే నాలుగు. చట్టం మాట వదిలేసినా లెక్క కుదరదు. ఖాళీగా తిరిగే డీజిల్ ఇంజన్ దగ్గర వేడి చాలా తక్కువ. ఇడ్లీల ఆవిరికి వంటిల్లు వెచ్చబడుతుందని రోజంతా ఇడ్లీలు వండినట్టు ఉంటుంది.

హీటర్ పనితీరు చెబుతాను, తర్వాత వాదించుకుందాం. ఇంజన్ దగ్గర చిన్న డబ్బా ఉంటుంది. వెబాస్టో కంపెనీది అయినా ఎబెర్‌స్పెషర్‌ది అయినా సూత్రం ఒకటే. ట్యాంకు నుంచి చిన్న పంపు కొలత ప్రకారం ఇంధనం పంపుతుంది. కారు పక్కన నిలబడితే టక్, టక్ అని వినిపించేది అదే. కరెంటుతో ఎర్రగా కాలే గ్లో ప్లగ్ దాన్ని అంటిస్తుంది, చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది, లోపల మంట. ఆ మంట చుట్టూ కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, తిరుగుతుంది, తిప్పేందుకు వేరే ఎలక్ట్రిక్ పంపు. వేడెక్కిన కూలెంట్ డ్యాష్‌బోర్డు వెనక ఉన్న హీటర్ రేడియేటర్‌లోకి వెళ్తుంది. అది కాస్త వెచ్చబడ్డాక కారు బ్లోవర్ తానే మొదలవుతుంది. అందుకే రాత్రి దిగే ముందు ఉష్ణోగ్రత మీటను గరిష్ఠానికి, గాలిని అద్దం వైపుకు, బ్లోవర్‌ను ఒకటి మీదకు పెట్టి దిగాలి. ఇవేవీ చేయకుండా దిగి, హీటర్ పనికిరాదని తిట్టుకునేవాళ్లు చాలామంది. కొత్త బండ్లలో ఆటోమేటిక్ ఏసీ ఇదంతా తానే చూసుకుంటుంది.

కార్లలో పెట్టేవి ఎక్కువగా అయిదు కిలోవాట్ల వరకు ఇస్తాయి. పూర్తి మంటలో గంటకు 0.6 లీటరు చుట్టుపక్కల తాగుతాయి. తాగిన ఇంధనంలో ఎక్కువ భాగం నేరుగా కూలెంట్‌కు వేడిగా చేరుతుంది. ఖాళీగా తిరిగే ఇంజనూ దాదాపు అంతే తాగుతుంది గానీ, కూలెంట్‌కు ఇచ్చేది అందులో కొంతే.

ఔలువాసి:
బాగా చెప్పారు బాబాయ్. మరి ఆ డబ్బు తిరిగి వస్తుందన్న మాట? అసలు ప్రశ్న అదే కదా.

పానాబాబాయి:
రాదు. పాతిక నిమిషాలు మండితే పావు లీటరు. చలికాలంలో వంద ఉదయాలు అనుకున్నా పాతిక లీటర్లు. వెచ్చని ఇంజన్ వల్ల మొదటి కిలోమీటర్లలో కొంత మిగిలినా, అది ముందు హీటర్ తాగిన ఆ పాతిక లీటర్లకే సరిపోవాలి. రెండు వేల యూరోలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంజన్ అరుగుదల తగ్గుతుంది, స్టార్ట్ అవగానే వచ్చే పొగ తగ్గుతుంది, అద్దం అంతా శుభ్రంగా కనిపిస్తుంది. వాటికి విలువ కట్టుకుంటే పెట్టించుకోండి. ఇంధనం మిగులుతుందని మాత్రం పెట్టించుకోవద్దు.

కీల్ తరంగం, జర్మనీ:
ఇంజన్ అరుగుదల తగ్గుతుందా? నా కారుకు కంపెనీ నుంచే హీటర్ వచ్చింది. ఇరవై నిమిషాలు మండి లోపల కోటు లేకుండా ఒక్క చొక్కాతో కూర్చునేంత వెచ్చగా ఉన్నా, స్టార్ట్ చేసేసరికి ఇంజన్ ఉష్ణోగ్రత ముల్లు కింద నుంచి లేవదు. మా తోడల్లుడి కారులో మాత్రం సగం దాకా ఉంటుంది. అదే హీటర్, అదే మోడల్.

పానాబాబాయి:
ఈ గొడవంతా ఇక్కడే ఉంది. హీటర్ ఒకటే, గొట్టాలు వేరు. ఒక పద్ధతిలో ఇంజన్, హీటర్, లోపలి రేడియేటర్ అన్నీ ఒకే వలయంలో ఉంటాయి. వేడి అందరికీ పంచబడుతుంది, కాబట్టి లోపల వెచ్చబడటానికి ఎక్కువ సమయం పడుతుంది. రెండో పద్ధతిలో మధ్యలో వాల్వు లేదా థర్మోస్టాట్ పెట్టి చిన్న వలయం చేస్తారు. మొదట క్యాబిన్ మాత్రమే వేడెక్కుతుంది. కూలెంట్ బాగా వేడెక్కి వాల్వు తెరుచుకున్నాకే ఇంజన్‌కు వాటా. మీది ఈ రెండోది అయి ఉండాలి, మీ తోడల్లుడిది మొదటిది. ‘ఇంజన్ వెచ్చబడుతుంది’, ‘వెచ్చబడదు’ అని ఏళ్ల తరబడి కొట్టుకునే రెండు వర్గాలూ తమ తమ కారు సంగతి నిజమే చెబుతున్నాయి.

ఒకటి గుర్తుంచుకోండి. మొదటి పద్ధతిలోనూ వేడెక్కేది కూలెంట్, దాని చుట్టూ ఉన్న లోహం. ఇంజన్ అడుగున ఉండే సంప్ అనే తొట్టిలోని ఆయిల్ చల్లగానే ఉంటుంది. ఔలువాసి గారి బ్లాక్ హీటరుకూ చాలా వరకు ఇదే వర్తిస్తుంది.

గచ్చిబౌలి శీను, హైదరాబాద్:
మాకు ఏసీ చాలకపోవడమే సమస్య, మీ బాధ వేరు. ఒక సందేహం. లదాఖ్‌లో డీజిల్ గడ్డకడుతుంటే 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 వరకు పనికివచ్చే శీతాకాల డీజిల్ తెచ్చింది కదా. డీజిలే గడ్డకడితే ఈ హీటర్ ఏం తాగి మండుతుంది?

పానాబాబాయి:
మంచి ప్రశ్న. ఏమీ తాగదు, మండదు. అదే ట్యాంకు, అదే డీజిల్. జర్మనీ బంకుల్లో నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు మైనస్ 20 దాకా పనిచేసే డీజిల్ ఉంటుంది. సెప్టెంబరులో నింపి డిసెంబరు దాకా కదపని బండి అయితే అనుమానమే.

కీల్ తరంగం:
ఆన్‌లైన్‌లో 150 యూరోలకు చైనా డీజిల్ హీటర్లు దొరుకుతున్నాయి కదా, అవి?

పానాబాబాయి:
అవి ఎక్కువగా గాలి హీటర్లు. లోపలి గాలిని వేడి చేస్తాయి, ఇంజన్‌తో సంబంధం లేదు. వ్యానులో పడుకునేవాళ్లకు, లారీ డ్రైవర్లకు పనికొస్తాయి. పొగ గొట్టం బిగింపు సరిగా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. ఏ హీటర్ అయినా మూసిన గ్యారేజీలో వెలిగించకూడదు, పెట్రోల్ బంకులో ఆపేయాలి. టైమరు పెట్టి మరిచిపోయేవాళ్లు ఈ రెండో సంగతి రాసిపెట్టుకోండి.

ఔలువాసి:
బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏడు కిలోమీటర్ల ప్రయాణం అన్నారు.

పానాబాబాయి:
నేను అక్కడికే వస్తున్నాను. మంట డీజిల్‌ది అయినా ఫ్యాను, పంపు, గ్లో ప్లగ్, బ్లోవర్ అన్నీ బ్యాటరీ మీదే. చలికి బ్యాటరీ శక్తి ముందే తగ్గి ఉంటుంది. ఎన్ని నిమిషాలు హీటర్ నడిపితే అన్ని నిమిషాలు కారు నడపాలని మెకానిక్కులు చెబుతారు. ఇసార్‌తీరం గారూ, ఊళ్లో ఏడు కిలోమీటర్లంటే పావుగంట. ఇరవై నిమిషాలు హీటర్ పెడితే రోజూ కొంచెం అప్పు మిగులుతుంది. పది నిమిషాలు చాలు, అద్దం కరిగితే సరి. వారాంతంలో ఒకసారి హైవే మీద తిప్పండి. వేసవిలోనూ నెలకోసారి పది నిమిషాలు వెలిగించండి, లేకపోతే పంపు పట్టేసుకుంటుంది.

ఎడ్మంటన్ రాజు:
పది నిమిషాల కోసం రెండు వేల యూరోలా? నేను ఇంకా రిమోట్ స్టార్ట్ మాటే అంటాను, 80 యూరోల జరిమానా పాతికసార్లు కట్టినా సరిపోతుంది!

ఇసార్‌తీరం:
రాజు గారూ, మా వీధిలో పొరుగు పెద్దావిడ కిటికీ దగ్గరే కూర్చుంటుంది. మొదటి వారంలోనే పాతిక పూర్తవుతాయి.
వర్క్‌షాప్‌కు మళ్లీ ఫోన్ చేసి గొట్టాలు ఏ పద్ధతిలో వేస్తారని అడిగాను. చిన్న వలయమట, క్యాబిన్‌కే మొదటి వాటా. ‘ఇంజన్ కూడా వేడెక్కుతుందన్నారు కదా’ అంటే, ‘చివరికి వేడెక్కుతుంది’ అన్నాడు. అద్దం కరగడానికైతే నాకు అదే కావాలి. డీజిల్ మిగులుతుందన్న మాట తీసేసి ధర తగ్గించమన్నాను, రేపు చెబుతానన్నాడు.