తిరుపతి బోర్డుల మీది నాలుగు భాషలు: గర్వమా, గిరాకీనా?

కోనేటిగట్టు:
"ఇన్ని భాషలు, ఇన్ని ఆచారాలు కలిసి బతకడమే ఈ దేశం గొప్ప, అది చూడాలంటే తిరుపతికి రండి" అని మాటిమాటికీ అంటుంటాం. బోర్డు మీద తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీ రాయించేది యాత్రికుడు దారి తప్పకూడదని. గిరాకీ కోసం చేసిన పనికి గర్వమెందుకు?

పుత్తూరుకట్టు:
మరి ధనుర్మాసాన్ని ఏమంటావన్నా? ఆ నెలంతా కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. 30 పాశురాలూ తమిళమే. శాసనాలు వెయ్యికి పైగా ఉంటే ఎక్కువ భాగం తమిళంలోవే. 1843 నుంచి 1933 దాకా పెత్తనం ఉత్తరాది బైరాగుల హాథీరాంజీ మఠానిది. అన్నమయ్య కీర్తనలేమో రాగిరేకులకెక్కింది తెలుగులో. ఇంతమంది చేతులు పడిన గుడి ఇది. చెప్పుకుంటే తప్పేంది?

తోతాపురి:
శాసనాలు తమిళమంటే రేపు గుడీ మాదే అంటారు. చూసి రాయబ్బా.

పుత్తూరుకట్టు:
కృష్ణదేవరాయలు తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ చెక్కించాడు. అదీ బోర్డే, రాతి బోర్డు.

రంగులకుంచె:
గర్వం తర్వాత, ముందు తప్పుల్లేకుండా రాయించండి. తమిళంలో ప, బ రెండిటికీ ఒకటే అక్షరం. అచ్చుల నడుమ ఒంటరిగా ఉంటే బ పలుకుతుంది, అందుకే 'తిరుప్పతి' అని ఒత్తి రాయాల. తెలుగు చూసి అక్షరానికి అక్షరం దించేస్తే చదివేవాడికి 'తిరుబది' అవుతుంది. ఫ్లెక్సీలో ఇంకో తంటా. తమిళంలో ఎత్వం కొమ్ము హల్లుకు ఎడమపక్క కూర్చోవాల. ఫోన్లో కొట్టిన మేటరు పాత డీటీపీ ఫాంటులో అతికిస్తే కొమ్ము చోటు తప్పుతుంది, లేకుంటే గడులొస్తాయి. మేటరు పంపకుండా పీడీఎఫ్ పంపండి, చెడదు.

నగరిమగ్గం:
ఒత్తు మీద ఇంత పట్టింపే! ఆ అక్షరం నేర్పే బడి ఉండాదా అని ఒక్కరూ అడగలేదు. నగరి, సత్యవేడు, కుప్పం పక్క ఇండ్లలో తమిళం మాట్లాడేది యాత్రికులు కాదు, ఇక్కడి ఓటర్లు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమని రాజ్యాంగంలోని 350ఎ అంటుంది. 1949 నుంచి ఉన్న లెక్క ఇది: తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది ఉంటే ఆ భాష టీచరును వేయాల. చెడేది ఎక్కడంటే, చేర్చుకునేటప్పుడు రిజిస్టరులో మాతృభాష గడి అలవాటుగా 'తెలుగు' అని నిండిపోతుంది. ఇండ్లలో పన్నెండు మంది ఉన్నా కాయితం మీద నలుగురే. పక్కపక్క బడుల్లో ఆరుగురు, ఏడుగురుగా చెదిరితే ఎక్కడా పది కారు. ఉన్న టీచరు రిటైరైతే మళ్ళీ డీఎస్సీ దాకా ఖాళీ. ఈలోగా పిల్లలు వేరే మీడియానికి పోతారు. అప్పుడు 'పిల్లలే లేరు, పోస్టెందుకు' అంటారు.

తోతాపురి:
తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న తమిళనాడుకు (అప్పటి మద్రాసు రాష్ట్రానికి) పోయింది. 2006 చట్టంతో అక్కడి తెలుగు పిల్లలకూ తమిళం తప్పనిసరి చేశారు. వాళ్ళియ్యంది మనమెందుకియ్యాల?

పుత్తూరుకట్టు:
ఆ చట్టం తెలుగును తీసెయ్యలేదు. సబ్జెక్టుల పట్టికలో నాలుగో భాగంలో ఐచ్ఛికంగా ఉంచింది.

తోతాపురి:
ఐచ్ఛికమంటే పోయినట్టే! తప్పనిసరి కాని సబ్జెక్టును ఏ పిల్లోడు చదువుతాడు? అరవం మీద అంత ప్రేముంటే మీరంతా అక్కడికే పోండి.

నగరిమగ్గం:
యాడికి పోయేది సామీ? ఇది మా ఊరే. ఇప్పటికి అసలు మాట బయటికొచ్చింది. నీకు నగరి పిల్లోడు తమిళనాడు ఇక్కడ పెట్టిన తాకట్టు. ఈడి పుస్తకం లాక్కుంటే తిరుత్తణి పిల్లోడికి తెలుగు టీచరొస్తాడా? 350ఎ చెల్లుకు చెల్లు బేరం కాదు, ఎవరి రాష్ట్రంలో పిల్లలకు ఆ రాష్ట్రమే చూసుకోవాల.

కోనేటిగట్టు:
నేనడిగిందీ ఇదే. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టుకున్నాం. ఒకటో తరగతే దొరకనోడు అక్కడ తమిళంలో ఎమ్మే ఎట్లా చేస్తాడు?

పుత్తూరుకట్టు:
ఒప్పుకుంటా. అయినా తిరుప్పావై మాట నిజమే కదా.

నగరిమగ్గం:
నిజమే, కాదన్లేదు. జూన్లో చేర్పించేటప్పుడే తల్లిదండ్రులు హెడ్మాస్టరుకు అర్జీ రాసిచ్చి మాతృభాష గడి సరిచూసుకోవాల. యూడైస్ (సర్కారు బడుల వివరాలు నమోదు చేసే) లెక్కలోకి ఎక్కకముందే దిద్దించాల.

రంగులకుంచె:
ఆ అర్జీ తమిళంలో ఇస్తే తీసుకుంటారా?

నగరిమగ్గం:
తెలుగులోనే రాస్తార్లే.