టైమ్ స్కానర్‌కి తెలుగు మాట: కాలభంగం

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ కథ రాస్తున్నాను. దేశకాలాల్లో ఎక్కడ తేడా వచ్చినా పట్టే స్కానర్ ఒకటి అందులో ఉంది. అది పట్టే తేడాను ‘కాలిక క్రమరాహిత్యం’ అని రాశాను గానీ పాత్రల నోట ఇమడడం లేదు. ఇంకేం అనొచ్చు?

జవాబు: మాట మన ఛందస్సులోనే ఉందండీ: భంగం. అసలు ఇంగ్లీషు ‘స్కాన్’కి పాత అర్థమే పద్యానికి గణవిభజన చెయ్యడం. ‘ఎక్కు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. యంత్రాలతో పరీక్షించడమన్నది చాలా తర్వాత చేరిన అర్థం.

మీ యంత్రం చేసే పనీ గణవిభజనే. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ గణాలనీ, పదో అక్షరం యతిస్థానమనీ ఎరిగినవాడికే యతి తప్పిందని తెలుస్తుంది. ఆ నడక ఎరగనివాడికి అన్ని పద్యాలూ ఒకటే. పైగా గురులఘువులను కొలిచేది మాత్రతో. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. మాత్ర అంటే కాలమే కదా! అందుకే యతిభంగం, ప్రాసభంగం లాగే కాలభంగం. చోటు కూడా కలవాలంటే దేశకాలభంగం. ‘దేశకాల పరిస్థితులు’ అని ఎలాగూ అంటూనే ఉంటాం.

నిజం పరికరాలు కూడా నడక తెలుసుకునే వెతుకుతాయి. 2015 సెప్టెంబర్ 14న మొదటిసారి గురుత్వ తరంగాన్ని, అంటే దేశకాలాల్లో పుట్టే అలను, పట్టిన లైగో అనే అమెరికా పరిశోధనశాలనే తీసుకోండి. రెండు కృష్ణబిలాలు కలిసిపోతే అల ఎలా ఉండాలో ముందే లెక్కగట్టి, వచ్చిన సంకేతాన్ని ఆ నమూనాలతో సరిచూస్తారు. మీ స్కానర్ ఆ సరిపోలికలో తప్పినచోటు చూస్తుంది, అంతే తేడా.

మరొకరు: భంగం అంటే ముందు మానభంగం గుర్తొస్తుందేమోనని నా సందేహం.

జవాబు: ఒంటరిగా వాడితే రావచ్చు. నిద్రాభంగం, తపోభంగం అన్నప్పుడు ఎవరికీ ఆ ఊహ రాదు. కాలభంగమూ అలాగే కలిసిపోతుంది. క్రియకు మాత్రం ‘శోధించు’ వద్దు, ‘పసిగట్టు’ వాడండి. పసి అంటే వాసన. కంటికి కనబడనిదాన్ని జాడనుబట్టి పట్టుకోవడం ఆ మాటలోనే ఉంది. ‘ముందు కాలభంగం ఉన్నట్టు స్కానర్ పసిగట్టింది’ అని పాత్ర చేత అనిపించి చూడండి. స్కానర్‌ను స్కానర్‌గానే ఉంచండి, దానికి వేరే పేరు అక్కర్లేదు.